తల్లిదండ్రులు దూరంగా ఉన్నప్పుడు పిల్లల తాత్కాలిక సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం కోసమో, పై చదువు కోసమో, వైద్యం కోసమో తల్లిదండ్రులిద్దరూ కొన్నాళ్లు దూరంగా ఉండవలసి రావడం, పిల్లలు అమ్మమ్మ ఇంట్లోనో బాబాయి ఇంట్లోనో పెరగడం విజయవాడ, గుంటూరు కుటుంబాలకు కొత్త విషయం కాదు. పిల్లల్ని అప్పగించడానికి మన ఇళ్లలో ఒక్క మాట చాలు. బడి ఆఫీసులో, ఆస్పత్రి కౌంటరులో, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో మాత్రం ఆ మాటకు రాతపూర్వకమైన ఆధారం అడుగుతారు. బయలుదేరే హడావుడిలో ఈ సంగతి మరచిపోయి, తర్వాత ఫోన్లలో కంగారుపడేవారు ఎక్కువగా ఉండడంతో, పదే పదే వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ప్రతి జవాబూ విడిగా చదువుకున్నా సరిపోయేలా ఉంటుంది. కుటుంబంలో తగాదాలు గాని, కోర్టు కేసులు గాని ఉన్నవారు న్యాయవాదిని సంప్రదించిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలి.

## ఎవరికి అప్పగించాలో నిర్ణయించుకునేటప్పుడు

మేమిద్దరం ఏడాదిపాటు విదేశానికి వెళ్తున్నాం. పాపను మా అమ్మ దగ్గర ఉంచాలంటే కోర్టు అనుమతి కావాలా?

అక్కరలేదు. తల్లిదండ్రులు తమ బిడ్డను నమ్మకమైన బంధువుల ఇంట్లో ఉంచడానికి చట్టం ముందస్తు అనుమతి అడగదు. ఊరు విడిచినంత మాత్రాన మీ సంరక్షకత్వం పోదు. బిడ్డకు సహజ సంరక్షకులు మీరే. మీ అమ్మగారు మీ తరఫున రోజువారీ బాధ్యత చూస్తారు, అంతే. ఆ బాధ్యత ఎంతవరకు, ఎంతకాలం అన్నది స్పష్టంగా రాసి, ఇద్దరూ సంతకం చేసిన అధికార పత్రం ఆమె చేతిలో ఉంటే చాలా పనులు సాఫీగా జరుగుతాయి.

అయినా కోర్టు ద్వారా గార్డియన్‌గా నియమిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?

గట్టిగా ఉండే మాట నిజమే గాని, అందుకు దారి ఇరుకు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, తండ్రి గాని తల్లి గాని జీవించి ఉండి, సంరక్షణకు అనర్హులు కానప్పుడు, బిడ్డ సంరక్షణకు మరొకరిని నియమించే అధికారం కోర్టుకు లేదు. తండ్రితో పాటు తల్లిని కూడా ఈ సెక్షన్‌లో చేర్చింది 2010 సవరణ. కాబట్టి ఉద్యోగం కోసం దూరం వెళ్తున్న మామూలు తల్లిదండ్రులకు కోర్టు మార్గం సాధారణంగా సరిపోదు.

తల్లిదండ్రులు మరణించినప్పుడు, ఆచూకీ లేనప్పుడు, బిడ్డను చూసుకోగల స్థితిలో లేనప్పుడు ఆ మార్గం అవసరమవుతుంది. అప్పుడు బిడ్డ మామూలుగా నివసించే ప్రాంతంపై అధికారం ఉన్న కోర్టులోనే పిటిషన్ వేయాలి. కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట బిడ్డ సంరక్షణ వ్యవహారం అక్కడికే వెళ్తుంది. కృష్ణా ప్రధాన జిల్లా న్యాయస్థానం మచిలీపట్నంలో ఉన్నా విజయవాడలోనూ అదనపు జిల్లా న్యాయస్థానాలు ఉన్నాయి గనుక, ఎక్కడ వేయాలన్నది న్యాయవాదిని అడిగి తేల్చుకోవడం మంచిది. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. దాని ఫోన్ నంబరు 15100.

అమ్మమ్మ, తాతయ్య ఉన్నారు. మేనమామ కూడా ఉన్నాడు. ఎవరి పేరు రాయడం మంచిది?

బిడ్డ అసలు ఎవరి ఇంట్లో నిద్రలేస్తుందో వారి పేరే రాయాలి. పెద్దరికాన్ని గౌరవించి తాతయ్య పేరు రాసి, బిడ్డను మేనమామ ఇంట్లో ఉంచితే, రాత్రిపూట ఆస్పత్రికి పరుగెత్తేది ఒకరు, సంతకం పెట్టవలసినవారు మరొకరు అవుతారు. అలాగని పెద్దవారిని పక్కన పెట్టనక్కరలేదు. మొదటి బాధ్యత ఒకరికి, వారు అందుబాటులో లేనప్పుడు మరొకరికి అని అదే పత్రంలో రెండు పేర్లు రాయవచ్చు.

డెబ్బై దాటినవారి విషయంలో కొంచెం నిర్మొహమాటంగా ఆలోచించండి. ప్రేమకు లోటుండదు, కాని ఉదయం 7 గంటలకు బడి వ్యాన్ దగ్గర నిలబడడం, మూడో అంతస్తు నుంచి జ్వరం పట్టిన పిల్లవాడిని కిందికి దించడం, ఫోన్‌లో వచ్చిన ఓటీపీ చెప్పడం వంటి పనులకు పక్కన వయసులో ఉన్న మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఎవరో వెళ్లేముందే తేల్చుకోవాలి.

పిల్లల్ని కూడా అడగాలా?

తప్పకుండా అడగాలి. కోర్టు సంరక్షకులను నియమించవలసి వచ్చినప్పుడు కూడా, తెలివిగా ఎంచుకోగల వయసున్న పిల్లల ఇష్టాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చునని చట్టం చెబుతోంది. ఇంట్లో మనం అంతకన్నా తక్కువ గౌరవం ఇవ్వడం భావ్యం కాదు. ఎక్కడ ఉంటావని ఒక్కసారి అడిగి వదిలేయకుండా, ప్రయాణానికి ముందు సెలవుల్లో కొన్ని రోజులు అక్కడే ఉంచి చూడండి. ఒక ఇంటి పేరు చెప్పగానే బిడ్డ ముడుచుకుపోతుంటే, బంధుత్వం ఎంత దగ్గరిదైనా సరే, కారణం తెలుసుకునేవరకు ఆ ఇంటికి పంపవద్దు.

మా అబ్బాయికి పదిహేనేళ్లు. మూడు నెలలు ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటానంటున్నాడు. పక్కింటివారు చూస్తారు. ఉంచవచ్చా?

ఫలానా వయసు దాటితే ఒంటరిగా వదలవచ్చునని మన చట్టం ఎక్కడా చెప్పలేదు. 18 ఏళ్లు నిండేవరకు అతడు మైనరే. బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ప్రకారం, తమ సంరక్షణలో ఉన్న బిడ్డను అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా నిర్లక్ష్యం చేయడం మూడేళ్ల వరకు జైలుశిక్షకు గాని, లక్ష రూపాయల జరిమానాకు గాని, రెండింటికీ గాని దారి తీయవచ్చు. ఒకటి రెండు పూటల సంగతి వేరు. నెలల తరబడి అయితే ఒక పెద్ద మనిషి అతడి దగ్గరకు వచ్చి ఉండాలి, లేదా అతడే ఒక ఇంట్లోనో హాస్టల్‌లోనో ఉండాలి.

నేనూ మా ఆయనా విడిగా ఉంటున్నాం. నేను కువైట్ వెళ్తూ బాబును మా అమ్మ దగ్గర ఉంచవచ్చా?

కస్టడీ గురించి కోర్టు ఉత్తర్వు గాని, నడుస్తున్న కేసు గాని ఉంటే ఆ కోర్టు అనుమతి తీసుకోకుండా బిడ్డ ఉండే చోటు మార్చవద్దు. కేసేదీ లేకపోయినా ఆయన బిడ్డకు సహజ సంరక్షకుడే. మీరు వెళ్లిన మరునాడు వచ్చి బాబును తీసుకువెళ్తానంటే మీ అమ్మగారు అడ్డుపడడం కష్టం. సాధ్యమైతే ఆయన సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోండి. సమ్మతి దొరకకపోతే, హింస జరిగిన చరిత్ర ఉంటే, విమానం ఎక్కకముందే కుటుంబ న్యాయస్థానంలో కస్టడీ ఉత్తర్వు కోరండి. ఇది వాయిదా వేసే పని కాదు.

అన్నయ్య ఇంట్లో రెండేళ్లు ఉంటే పిల్లవాడిని దత్తత ఇచ్చినట్టు అవుతుందా?

కాదు. దత్తతకు ప్రత్యేక చట్టాలు, ప్రత్యేక విధానం ఉన్నాయి. ఎన్నేళ్లు ఉంచుకున్నా సంరక్షణ దత్తతగా మారదు. అయినా ఎవరికీ అనుమానం రాకుండా, ఇది దత్తత పత్రం కాదన్న వాక్యం అధికార పత్రంలో ఉంచడం మేలు.

## కాగితాలు సిద్ధం చేసుకునేటప్పుడు

ఆ అధికార పత్రంలో ఏం రాయాలి?

తెలుగులో రాసుకోవచ్చు, ఆస్పత్రులు, విదేశీ కార్యాలయాలు చూసే అవకాశం ఉంటే ఇంగ్లిషు ప్రతి కూడా సిద్ధం చేసుకోండి. అసలు భాగం ఇలా ఉంటే సరిపోతుంది:

"మా కుమార్తె (పూర్తి పేరు, పుట్టిన తేదీ), 2026 జూన్ 1 నుంచి 2027 మే 31 వరకు ఈ కింది చిరునామాలో తన అమ్మమ్మ (పూర్తి పేరు) గారి సంరక్షణలో ఉంటుంది. ఈ కాలంలో పాపను బడిలో దింపడానికి, బడి నుంచి తీసుకురావడానికి, బడి సమావేశాలకు హాజరు కావడానికి, బడికి సంబంధించిన పత్రాలపై సంతకం చేయడానికి, వైద్యుల సలహా మేరకు పరీక్షలకు, చికిత్సకు, అత్యవసరమైతే శస్త్రచికిత్సకు సమ్మతి తెలపడానికి మా ఇద్దరి తరఫున ఆమెకు అధికారం ఇస్తున్నాము. పాప ఆస్తి విషయంలో గాని, దత్తత విషయంలో గాని ఈ పత్రం ఎలాంటి అధికారమూ ఇవ్వదు. దీనిని మేము ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేయవచ్చు."

కింద తల్లిదండ్రులిద్దరి సంతకాలు, బాధ్యత తీసుకునేవారి అంగీకార సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, అందరి ఫోన్ నంబర్లు ఉండాలి. తేదీలు తప్పనిసరిగా వేయండి. కాలపరిమితి లేని పత్రం చూస్తే ఎవరికైనా సందేహం వస్తుంది. శస్త్రచికిత్స అన్న మాట రాయడానికి చాలామంది తల్లులకు మనసొప్పదు. ఆ మాట లేని పత్రం, అది అవసరమైన పూట పనికిరాదు.

తెల్ల కాగితం చాలా? స్టాంపు కాగితం, నోటరీ కావాలా?

వారం పది రోజుల ప్రయాణానికి, బడి వరకు అయితే సంతకం చేసిన తెల్ల కాగితం చాలు. నెలలు దాటితే నాన్‌జ్యుడీషియల్ స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించండి. ఇక్కడ వంద రూపాయల కాగితం వాడడం పరిపాటి. నోటరీ ముందు తల్లిదండ్రులిద్దరూ స్వయంగా సంతకం చేయాలి. ఒకరు సంతకం పెట్టి రెండో సంతకం తర్వాత పెట్టిస్తామంటే ఒప్పుకోవద్దు.

మేం ఇప్పటికే అమెరికాలో ఉన్నాం. ఇక్కడి నుంచి పత్రం పంపడం ఎలా?

రెండు మార్గాలున్నాయి. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయడం ఒకటి; అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, ఆ రాష్ట్ర కార్యాలయం నుంచి అపోస్టిల్ (పత్రం అసలైనదేనని వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) ముద్ర వేయించడం రెండోది. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశాల్లో ఉన్నవారికి కాన్సులేట్ మార్గమే మిగులుతుంది. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ (అధికార పత్రం) భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. అసలు ప్రతిని కొరియర్‌లో పంపండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో అసలుకు బదులు కాదు.

మాకే ఏదైనా జరిగితే ఈ పత్రం పనిచేస్తుందా?

పనిచేయదు. అధికారం ఇచ్చినవారు మరణిస్తే వారి తరఫున పనిచేసే అధికారం కూడా అంతటితో ముగుస్తుంది. పిల్లలున్న ప్రతి జంటా, ముఖ్యంగా ఇద్దరూ కలిసి ప్రయాణించేవారు, పిల్లలకు సంరక్షకులెవరో చెబుతూ విడివిడిగా వీలునామాలు రాసుకోవాలి. హిందూ తల్లిదండ్రులకు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 9వ సెక్షన్ ఈ హక్కు ఇస్తోంది. తండ్రి వీలునామాలో ఎవరి పేరు రాసినా, తల్లి జీవించి ఉంటే సంరక్షకురాలు ఆమే. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే అపశకునం అంటారు. ఆ మాట ఎత్తనందువల్ల ఇద్దరు తాతల మధ్య బిడ్డ కోర్టు మెట్లెక్కే పరిస్థితి అంతకన్నా బాధాకరం.

ఏయే కాగితాలు అమ్మావాళ్లకు ఇచ్చి వెళ్లాలి?

జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, టీకాల కార్డు, బడి గుర్తింపు కార్డు, ఆరోగ్య బీమా కార్డు, మీ ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు, అధికార పత్రం అసలు ప్రతి ఒకే ఫైల్‌లో ఉండాలి. బిడ్డ అయిదేళ్లకో పదిహేనేళ్లకో దగ్గరగా ఉంటే, ఆధార్‌లో వేలిముద్రలు నవీకరించే పని కూడా మీరు ఉండగానే ముగించండి. అన్నిటినీ స్కాన్ చేసి మీ దగ్గరా ఉంచుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు తడిసినవాటిలో ఇలాంటి ఫైళ్లు ఎన్నో ఉంటాయి.

## బడి, హాస్టల్

బడిలో ఏం చెప్పాలి?

ప్రధానోపాధ్యాయుడికి ఒక ఉత్తరం ఇచ్చి, అధికార పత్రం నకలు జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి. బిడ్డను తీసుకువెళ్లడానికి వచ్చేవారి ఫొటోలు ఇవ్వండి. బడి మెసేజీలు వెళ్లే ఫోన్ నంబరు మార్పించడం అన్నిటికన్నా ముఖ్యం. మీరు విదేశంలో సిమ్ మార్చుకుంటే సెలవు ప్రకటన నుంచి ఫీజు గడువు దాకా ఏదీ ఇంటికి చేరదు. పదో తరగతి పిల్లలైతే నామినల్ రోల్‌లో (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలో) బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం మీరే సరిచూడండి. ఆ తప్పు మార్కుల పట్టికలోకి వెళ్తే సరిచేయించడం చాలా శ్రమ.

హాస్టల్‌లో "లోకల్ గార్డియన్" పేరు అడుగుతున్నారు. విజయవాడలో మాకు చుట్టాలెవరూ లేరు.

లోకల్ గార్డియన్ అన్నది హాస్టల్ నియమమే గాని, దానివల్ల ఆ వ్యక్తికి బిడ్డ మీద చట్టపరమైన సంరక్షకత్వం రాదు. ఔటింగ్‌కు తీసుకువెళ్లడానికి, ఒంట్లో బాగాలేదని కబురు వస్తే గంటలో చేరుకోవడానికి ఒక మనిషి కావాలన్నదే దాని ఉద్దేశం. ఫారంలో గడి నింపడం కోసం సహోద్యోగి స్నేహితుడి పేరు రాయవద్దు. గుంటూరులోనో తెనాలిలోనో ఉన్న చుట్టం, ఊళ్లోనే ఉన్న అపరిచితుడికన్నా మేలు. ఎవరి పేరు రాసినా బిడ్డకు వారు ముందే తెలిసి ఉండాలి. ఔటింగ్‌లో తీసుకువెళ్లిన ప్రతిసారీ మీకు ఫోన్ చేసే అలవాటు ఉండాలి.

## వైద్యం

అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకువెళ్తే, తల్లిదండ్రులు లేరని చేర్చుకోకపోతే?

ప్రాణాపాయంలో ఉన్నవారికి వెంటనే చికిత్స చేయడం వైద్యుల బాధ్యత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వాస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా ఇదే వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహితలోని 30వ సెక్షన్ కూడా, సమ్మతి తీసుకునే వ్యవధి లేనప్పుడు సద్బుద్ధితో చికిత్స చేసిన వైద్యులకు రక్షణ ఇస్తోంది. పన్నెండేళ్ల లోపు బిడ్డ విషయంలో సంరక్షకులే గాక, చట్టబద్ధంగా బిడ్డ బాధ్యత చూస్తున్న వ్యక్తి సమ్మతి కూడా చెల్లుతుందని 27వ సెక్షన్ సారం.

ఆచరణలో ఇబ్బంది వచ్చేది ప్రాణాపాయం లేని సందర్భాల్లో. బిడ్డ చెయ్యి విరిగింది, మత్తుమందు ఇచ్చి సరిచేయాలి, పక్కన అమ్మమ్మ ఉంది. కౌంటరులో ఉన్న అబ్బాయి సమ్మతి పత్రం మీద "పేషెంట్‌తో సంబంధం" అన్న గడి దగ్గర పెన్ను ఆపి, "అమ్మానాన్నలు ఎక్కడమ్మా?" అంటాడు. అప్పుడామె సంచిలోంచి ఫైల్ తీసి, నోటరీ ముద్ర ఉన్న కాగితం చూపించి, ఇంగ్లిషు ప్రతిలో శస్త్రచికిత్స అన్న వాక్యం దగ్గర వేలు పెట్టగలగాలి. అందుకే ఆ ఫైల్ బీరువాలో తాళం వేసి ఉంచేది కాదు. తలుపు దగ్గర, చేతికి అందేచోట ఉండాలి.

ఆరోగ్య విషయాల్లో అమ్మమ్మకు ఏం రాసిపెట్టాలి?

ఒకే పేజీలో, పెద్ద అక్షరాలతో, తెలుగులో: బిడ్డ బరువు (పిల్లల మందుల మోతాదు బరువును బట్టే ఉంటుంది), రక్తం గ్రూపు, పడని మందులు, తిండి, రోజూ వేసే మందులు, ఇదివరకు ఫిట్స్, ఆయాసం వంటివి వచ్చి ఉంటే ఆ వివరం, మామూలుగా చూపించే పిల్లల డాక్టరు పేరు, నంబరు. అంబులెన్స్‌కు 108 అని పైనే రాయండి. రాబోయే ఏడాదిలో వేయించవలసిన టీకాల తేదీలు కింద రాయండి.

## డబ్బు, ఆస్తి, పాస్‌పోర్టు

నెల ఖర్చుల సంగతి మాట్లాడాలంటే మొహమాటంగా ఉంది.

మొహమాటపడితే భారమంతా బిడ్డను చూసుకుంటున్నవారి మీద పడుతుంది. ఫీజులు మీరే నేరుగా బడికి చెల్లించండి; ఇంటి ఖర్చుకు నెలనెలా ఒకే తేదీన పంపండి; వైద్యానికి వేరుగా కొంత సొమ్ము వారి ఖాతాలో ఉంచండి. పింఛను మీద బతికే తాతయ్య పుస్తకాలకు, బూట్లకు మిమ్మల్ని అడగడానికి ఇబ్బందిపడే పరిస్థితి రానివ్వవద్దు.

పాప పేరిట ఉన్న స్థలాన్ని మేం లేనప్పుడు తాతయ్య అమ్మవచ్చా?

అమ్మలేరు. హిందూ మైనర్ స్థిరాస్తిని అమ్మాలన్నా, తనఖా పెట్టాలన్నా సహజ సంరక్షకులైన తల్లిదండ్రులకే కోర్టు అనుమతి కావాలి. మీకు లేని అధికారాన్ని పత్రం రాసి మరొకరికి ఇవ్వలేరు.

మేం విదేశంలో ఉండగా బాబు పాస్‌పోర్టు గడువు ముగుస్తోంది. ఎలా?

మైనర్ పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి తెలిపే అనుబంధం డి (అనెక్సర్ డి) పత్రం అవసరం. ఇద్దరూ విదేశంలో ఉంటే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణ పత్రం పంపాలి. బిడ్డను సంరక్షణలో ఉంచుకున్నవారు దానితో దరఖాస్తు చేయిస్తారు. మైనర్ పాస్‌పోర్టు సాధారణంగా 5 ఏళ్లకే ఇస్తారు గనుక, బయలుదేరే ముందే గడువు చూసుకోండి.

పాప అమెరికాలో పుట్టింది. గుంటూరులో నాయనమ్మ దగ్గర ఉంచాలంటే?

అమెరికా పౌరసత్వం ఉన్న బిడ్డ ఇక్కడ ఎక్కువకాలం ఉండాలంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉండడం అన్నివిధాలా మేలు. అమెరికా పాస్‌పోర్టు పదహారేళ్ల లోపువారికి 5 ఏళ్లకే ఉంటుంది. దానికి తల్లిదండ్రులిద్దరూ హాజరు కావాలి లేదా రానివారు నోటరీ చేసిన డీఎస్-3053 సమ్మతి పత్రం పంపాలి. నాయనమ్మ సంతకం ఇక్కడ చెల్లదనుకొని, ఆ గడువును బట్టే మీ ప్రయాణాలు నిర్ణయించుకోండి.

## మీరు లేనప్పుడు ఇబ్బంది వస్తే

పిల్లవాడు ఫోన్‌లో సరిగా మాట్లాడడం లేదు. బెంగ అనుకోవాలా?

మొదటి వారాల్లో బెంగ సహజం. నెల దాటినా తిండి తగ్గడం, పక్క తడపడం, బడికి వెళ్లననడం, ఒక మనిషి పేరు రాగానే మాట ఆపేయడం కనిపిస్తే తేలికగా తీసుకోవద్దు. స్పీకర్ పెట్టకుండా బిడ్డ ఒంటరిగా మీతో మాట్లాడే వీలు వారానికి ఒకసారైనా ఉండాలని ముందే ఇంట్లో ఒప్పందం చేసుకోండి. తరగతి టీచరుతో విడిగా మాట్లాడండి. ఇంట్లో కనిపించనిది వారికి కనిపిస్తుంది.

ఎవరైనా పిల్లలతో తప్పుగా ప్రవర్తించారని తెలిస్తే?

బిడ్డ మాట నమ్మండి. ఆ క్షణం నుంచి ఆ వ్యక్తి ఉన్నచోట బిడ్డ ఉండకూడదు. పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయడం విధి; కుటుంబ పరువు అన్న కారణానికి అక్కడ చోటు లేదు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112. ఈ రెండు నంబర్లు బిడ్డకు కంఠస్థం చేయించండి.

బాధ్యత తీసుకున్నవారికే జబ్బు చేస్తే?

పత్రంలో రెండో పేరు ఉంటే వారు వెంటనే బాధ్యత తీసుకోవచ్చు. లేకపోతే కొత్త పత్రం రాసి, కాన్సులేట్‌లోనో అపోస్టిల్‌తోనో ధ్రువీకరించి పంపాలి. అది చేరేవరకు మీ ఇద్దరిలో ఒకరు తిరిగి రావడం మంచిది.

## తిరిగి వచ్చాక

వచ్చేశాం. ఇంకా ఏమైనా చేయాలా?

గడువు ముగియకముందే వచ్చి ఉంటే, పత్రం రద్దు చేస్తున్నట్టు ఒక కాగితం రాసి బడికి, హాస్టల్‌కు, ఆస్పత్రికి నకళ్లు ఇవ్వండి. పాత పత్రం అసలు ప్రతిని వెనక్కి తీసుకోండి. బడిలో ఫోన్ నంబరు తిరిగి మీది రాయించండి.

పాప నాయనమ్మను వదిలి రానంటోంది. ఏం చేయాలి?

చట్టపరంగా ఏ చిక్కూ లేదు, సంరక్షకులు మీరే. అయినా వచ్చిన రోజే పెట్టె సర్దించవద్దు. వీలైతే కొన్ని రోజులు మీరే ఆ ఇంట్లో ఉండండి, లేదా నాయనమ్మను మీ ఇంటికి తీసుకురండి. విద్యా సంవత్సరం మధ్యలో ఉంటే బడి మార్చవద్దు. టీసీ ఏప్రిల్‌లో తీసుకోవచ్చు. శని, ఆదివారాలు ఇక్కడ, మిగతా రోజులు అక్కడ అని మొదలుపెట్టి, పాప తన పుస్తకాలు, దుప్పటి తానే తెచ్చుకునేదాకా ఆగండి.